శాపం కాదు... గుణకారం

2019 ఏప్రిల్ 10 రాత్రి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపా నగరం. ఐస్ హాకీ ప్లేఆఫ్ తొలి ఆట మొదలై ఇరవై నిమిషాలు గడిచేసరికి సొంత జట్టు టాంపా బే లైట్నింగ్ 3-0తో ముందుంది. ఆ ఏడాది లీగ్ దశలో ఆడిన 82 ఆటల్లో ఆ జట్టు 62 గెలిచింది. అన్ని గెలుపులు అంతకుముందు ఒక్క డెట్రాయిట్ జట్టుకే, 1995-96లో దక్కాయి. ఎదురుగా ఉన్న కొలంబస్ బ్లూ జాకెట్స్ తూర్పు విభాగంలో చిట్టచివరి బెర్తు పట్టుకుని వచ్చిన జట్టు. పుట్టినప్పటి నుంచి ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలిచి ఎరగదు. అయినా ఆ రాత్రి 4-3తో గెలిచింది. తర్వాతి మూడు ఆటలూ 5-1, 3-1, 7-3తో దానివే. వారం తిరగకుండా ఆ ఏటి మేటి జట్టు ఇంటికి వెళ్లిపోయింది.

అదే ఏడాది మరో వింత జరిగింది. జనవరి 3 ఉదయానికి లీగ్‌లోని 31 జట్లలో అట్టడుగున ఉన్నది సెయింట్ లూయిస్ బ్లూస్. నాలుగు రోజుల తర్వాత జోర్డాన్ బినింగ్టన్ అనే కొత్త గోల్ కీపర్‌ను తొలిసారి ఆట మొదటి నుంచీ బరిలో నిలబెట్టారు. అతనేమీ పేరున్నవాడు కాదు. అంతకుముందు ఏడాది సొంత సంస్థలో చోటు లేక, బోస్టన్ వారి కింది స్థాయి జట్టుకు అరువు మీద ఆడాడు. జూన్ 12న ఫైనల్ సిరీస్ ఏడో ఆటలో అదే బోస్టన్‌ను వాళ్ల ఊళ్లోనే 4-1తో ఓడించి, సెయింట్ లూయిస్ స్టాన్లీ కప్ ఎత్తుకుపోయింది.

ఈ రెండూ మేం ముందే చెప్పాం అనేవాళ్లు జూన్ తర్వాత ఎంతమందైనా దొరుకుతారు. ఏప్రిల్ మొదటి వారంలో కాగితం మీద రాసిపెట్టినవాళ్లు ఎందరన్నదే అసలు ప్రశ్న.

ఐస్ హాకీ సంగతి మన బడుల పేజీలో ఎందుకని అడిగేవారికి నా జవాబు ఇది. నేను లెక్కల టీచర్ని. సంభావ్యత పాఠం వచ్చినప్పుడల్లా నాణెం, పాచిక, సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులు. పిల్లలు రెండో రోజుకే ఆవలిస్తారు. క్రికెట్ తీసుకుందామా అంటే మా హోసూరు వైపు సగం తరగతి బెంగళూరు జట్టుకు, సగం చెన్నై జట్టుకు. లెక్క మొదలు కాకముందే గొడవ మొదలవుతుంది. ఎడ్మంటన్ ఓడినా బోస్టన్ ఓడినా మా పిల్లల్లో ఎవరికీ ఆ రాత్రి నిద్ర చెడదు. అందుకే అంకెల్ని అంకెలుగా చూడగలుగుతారు.

ఇంకో కారణం కూడా ఉంది. అది కొంచెం బాధాకరమైనది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆట సంగతి, క్లుప్తంగా

2023లో రౌర్కెలాలో ప్రపంచ కప్ చూసిన ఒడిశా మిత్రులకు హాకీ గురించి నేను చెప్పేదేమీ లేదు. ఇది ఆ హాకీ కాదు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు గచ్చు మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని ఆడేది. గోల్ కీపర్‌తో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు. బంతికి బదులు మూడు అంగుళాల అడ్డకొలత, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. దాన్ని పక్ అంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. మన దేశంలో చూడాలంటే శీతకాలంలో లదాఖ్ పోవాలి. నేను చూసిందంతా టీవీలోనే.

ఉత్తర అమెరికాలో దీని పెద్ద లీగ్ నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్ఎల్. ఇప్పుడు 32 జట్లు ఉన్నాయి. 25 అమెరికాలో, 7 కెనడాలో. లీగ్ దశ అయ్యాక 16 జట్లు ప్లేఆఫ్‌కు వస్తాయి. రెండేసి జట్లు ఏడు ఆటల సిరీస్ ఆడతాయి. ముందుగా నాలుగు గెలిచినవాళ్లు పై రౌండుకు వెళ్తారు. మొదటి రౌండులో ఎనిమిది సిరీస్‌లు, తర్వాత నాలుగు, రెండు, ఒకటి. మొత్తం పదిహేను. కప్పు కావాలంటే నాలుగు సిరీస్‌లు, అంటే పదహారు ఆటలు గెలవాలి.

పూర్వం ఎనిమిది గెలిస్తే సరిపోయేది. 1952లో డెట్రాయిట్‌లో చేపల దుకాణం నడిపే ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది కాళ్ల ఆక్టోపస్‌ను తెచ్చి మంచు మీద విసిరారు, కాలికొక గెలుపని. ఆ ఏడాది డెట్రాయిట్ ఎనిమిదికి ఎనిమిదీ గెలిచింది. ఇక ఆపేదెవరు? ఇప్పటికీ అక్కడ ఆక్టోపస్‌లు పడుతూనే ఉంటాయి.

శాపం లెక్క

లీగ్ దశలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుకు ప్రెసిడెంట్స్ ట్రోఫీ ఇస్తారు. 1985-86లో మొదలైంది. అప్పటి నుంచి 2024-25 వరకు, ఆటలే జరగని 2004-05ను తీసేస్తే, 39 సీజన్లు. అందులో ఆ ట్రోఫీ, స్టాన్లీ కప్ రెండూ ఒకే ఏడాది గెలిచిన జట్లు ఎనిమిదే. చివరిది 2013లో చికాగో. ఆ తర్వాత 2025 దాకా ఎవరికీ కుదరలేదు. అందుకే అభిమానులు దీన్ని శాపం అంటారు.

ఇప్పుడు సుద్దముక్క తీసుకుందాం. 39లో 8 అంటే నూటికి ఇరవై చిల్లర. పదహారు జట్ల పేర్లు చీటీల మీద రాసి కళ్లు మూసుకుని ఒకటి తీస్తే, అది కప్పు గెలిచే అవకాశం నూటికి ఆరు. అంటే మేటి జట్టుకు మామూలు జట్టుకన్నా మూడు రెట్లకు పైగా అవకాశం ఉందన్నమాట. ఇదేం శాపం? మరి అయిదింట నాలుగుసార్లు ఓడుతోందేం? ఎందుకంటే దాటాల్సిన గడపలు నాలుగు. ఒక్కో సిరీస్ గెలిచే అవకాశం మూడింట రెండు పాళ్లు అనుకోండి, అది చాలా మంచి అవకాశమే. మూడింట రెండును నాలుగుసార్లు గుణిస్తే 81లో 16. అంటే నూటికి దాదాపు ఇరవై. చరిత్ర చెప్పే అంకె ఇంచుమించు అదే. శాపం అని పిలుస్తున్నది వట్టి గుణకారాన్ని.

ఇంకో మెట్టు దిగుదాం. ఒక సిరీస్‌లో మూడింట రెండు పాళ్ల అవకాశం ఉండాలంటే, ఒక్కో ఆటలో ఎంత ఉండాలి? పదో తరగతి పిల్లలు చేయదగిన లెక్కే. సిరీస్‌ను 4-0తో గెలవడానికి ఒకటే దారి. 4-1తో గెలవడానికి నాలుగు దారులు, ఓడిన ఆ ఒక్క ఆట మొదటి నాలుగింటిలో ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి. 4-2కు పది, 4-3కు ఇరవై. ఒక్కో దారికి గెలుపోటముల భాగాలు గుణించి కూడితే చాలు. ఆటకు నూటికి 50 అయితే సిరీస్‌కూ 50. ఆటకు 55 అయితే సిరీస్‌కు 61. 60 అయితే 71. మూడింట రెండు, అంటే 67 రావాలంటే ఆటకు 58 సరిపోతుంది.

దేశంలోకెల్లా మేటి అనుకునే జట్టు కూడా వంద ఆటల్లో 58 గెలిచేదే. 42 ఓడేదే. ఈ అంకెను చూసినప్పుడు పిల్లలు మొదట నమ్మరు, ఎక్కడో తప్పు చేశామనుకుని మళ్లీ చేస్తారు. టాంపా 82లో 62 గెలిచింది కదా, అది 76 శాతం కదా అంటారు. నిజమే, కానీ ఆ 82లో బలహీన జట్లతో ఆడినవి బోలెడు. ప్లేఆఫ్‌లో ఎదుటికి వచ్చేవి వడపోతలో మిగిలిన పదహారు. తేడా అక్కడే సన్నబడుతుంది.

గోలు ముందు నిలబడ్డవాడు

ఒక్క ఆట ఇంత తేలని వ్యవహారం ఎందుకయింది? గోల్స్ తక్కువ కాబట్టి. బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జట్టు వందకు పైగా పాయింట్లు చేస్తుంది. అన్ని ప్రయత్నాల్లో అదృష్టం అటూ ఇటూ సర్దుకుపోయి బలమైనవాడు పైకి తేలతాడు. ఐస్ హాకీలో జట్టుకు సగటున మూడే గోల్స్. ఒక పక్ ఎవరి స్కేటుకో తగిలి దారి తప్పి లోపలికి పోతే ఆట ఫలితమే మారిపోతుంది. మైకేల్ లోపెజ్, గ్రెగరీ మాథ్యూస్, బెంజమిన్ బామర్ అనే ముగ్గురు గణాంక నిపుణులు అమెరికాలోని నాలుగు పెద్ద లీగ్‌లను పోల్చి 2018లో ఒక పరిశోధన పత్రం అచ్చువేశారు. బాస్కెట్‌బాల్ ఏడు ఆటల సిరీస్‌లో మెరుగైన జట్టు గెలిచేంత తరచుగా హాకీలోనూ గెలవాలంటే, సిరీస్ యాభై ఆటలకు పైగా సాగాలట!

దీనికి తోడు గోల్ కీపర్. ఒక్కో ఆటలో అతని మీదికి ముప్ఫై షాట్ల దాకా వస్తాయి. మామూలు కీపర్ నూటికి 90 ఆపుతాడు, గొప్పవాడు 92. రెండే కదా అనిపిస్తుంది. ఏడు ఆటలకు 210 షాట్లు. అందులో నూటికి రెండంటే నాలుగు గోల్స్. ఒక్క గోల్ తేడాతో ముగిసే ఆటలు ఎన్నో ఉండే చోట నాలుగు గోల్స్ అంటే ఒక సిరీస్. ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది. 210 షాట్లలో వట్టి కాకతాళీయంగానే నాలుగు గోల్స్ ఎక్కువో తక్కువో కావడం మామూలు విషయం. అంటే సాధారణ కీపర్ ఒక రెండు వారాలు గొప్పవాడిలా కనిపించగలడు, గొప్పవాడు సాధారణంగా. ఆ రెండు వారాలు ఎప్పుడొస్తాయో ఏ నిపుణుడికీ తెలియదు.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 1971 నాటిది. ఆ ఏడాది బోస్టన్ బ్రూయిన్స్ 57 ఆటలు గెలిచి అగ్రస్థానంలో ఉంది. ఫిల్ ఎస్పోసిటో ఒక్కడే 76 గోల్స్ కొట్టాడు. మొదటి రౌండులో ఎదురైన మాంట్రియల్ కెనెడియన్స్ ఒక విద్యార్థిని గోలు ముందు నిలబెట్టింది. పేరు కెన్ డ్రైడన్, వయసు 23, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్నాడు. అప్పటికి ఆ లీగ్‌లో అతను ఆడింది ఆరంటే ఆరు ఆటలు. తొలి ఆటలో మాంట్రియల్ ఓడింది. రెండో ఆటలో 5-1తో వెనకబడింది. బోస్టన్‌పై పందెం కాసినవాళ్లు అప్పటికే డబ్బు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. ఆ ఆటను మాంట్రియల్ 7-5తో గెలిచింది, సిరీస్‌ను ఏడో ఆటలో గెలిచింది, చివరికి కప్పూ గెలిచింది. ప్లేఆఫ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడి బహుమతి డ్రైడన్‌కు వచ్చింది. ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి ఆ మరుసటి ఏడాది వచ్చింది! మొదటి ఏడాది అతను ఆడిన ఆటలు ఆ లెక్కకు చాలలేదు మరి. డ్రైడన్ లా పూర్తి చేశాడు, పుస్తకాలు రాశాడు, కెనడా పార్లమెంటుకు వెళ్లి మంత్రి కూడా అయ్యాడు. 2025లో కన్నుమూశాడు. ఆటలో పడి చదువు పోతుందని భయపడే తల్లిదండ్రులకు నేను అతని పేరు చెబుతుంటాను.

1971 ఏప్రిల్‌లో బోస్టన్ గెలుస్తుందని చెప్పినవాడు తప్పు చెప్పినట్టా? నా దృష్టిలో కాదు. బోస్టన్ కచ్చితంగా గెలుస్తుంది అన్నవాడిదే తప్పు.

తెలిసినవాళ్లు ఏం చూస్తారు?

అంతా అదృష్టమేనని చేతులు ఎత్తేయడం కూడా బద్ధకమే. పట్టికలో పాయింట్ల వెనక దాగిన సంగతుల్ని తవ్వి తీయడానికి ఎందరో కష్టపడ్డారు, ఫలితమూ సాధించారు.

ముందు పట్టికలోనే ఒక మోసం ఉంది. లీగ్ దశలో అరవై నిమిషాలకు సమానంగా ఉంటే అయిదు నిమిషాల అదనపు సమయంలో జట్టుకు ముగ్గురేసి ఆడతారు, అప్పటికీ తేలకపోతే పెనాల్టీ షాట్లు. ఓడినా ఒక పాయింటు ఇస్తారు. ప్లేఆఫ్‌లో ఇవేవీ లేవు. గోల్ పడేదాకా ఇరవై నిమిషాల చొప్పున పూర్తి జట్లతో ఆడుతూనే ఉండాలి. 1936లో డెట్రాయిట్, మాంట్రియల్ మెరూన్స్ ఇలాగే ఆరో అదనపు భాగం దాకా ఆడాయి; 1-0తో తెల్లవారుజామున ముగిసింది. కాబట్టి ముగ్గురేసి ఆడే ఆటలోనూ, పెనాల్టీ షాట్లలోనూ పోగేసిన పాయింట్లు ఏప్రిల్‌లో పెద్దగా పనికిరావు. నిపుణులు వాటిని పక్కనపెట్టి గోల్స్ తేడా చూస్తారు.

ఇంకా లోతుకు వెళ్లేవాళ్లు షాట్లు లెక్కపెడతారు. బఫెలో జట్టులో గోల్ కీపర్లకు శిక్షణ ఇచ్చే జిమ్ కోర్సి తన కీపర్లు ఎంత కష్టపడుతున్నారో తెలుసుకోవడానికి గోలు మీదికి వచ్చిన షాట్లతో పాటు పక్కకు పోయినవీ, మధ్యలో అడ్డుకున్నవీ లెక్కవేసేవాడు. అభిమానుల్లోని లెక్కల పిచ్చివాళ్లు ఆ పద్ధతిని అందిపుచ్చుకుని ఆయన పేరే పెట్టారు. రెండు జట్లు కొట్టిన షాట్లలో మనవి ఎన్ని పాళ్లు అన్నదే కోర్సి. పక్ ఎవరి దగ్గర ఎక్కువసేపు ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఇప్పుడు ఒక్కో షాటూ ఎంత దూరం నుంచి, ఏ కోణంలో కొట్టారో చూసి, అది గోల్ అయ్యే అవకాశాన్ని కూడా లెక్కగడుతున్నారు.

2012లో దీని విలువ బయటపడింది. లాస్ ఏంజలిస్ కింగ్స్ పశ్చిమ విభాగంలో ఎనిమిదో స్థానంతో, అంటే ఆఖరి బెర్తుతో వచ్చింది. గోల్స్ కొట్టడంలో లీగ్‌లో చివరి నుంచి రెండో స్థానంలో ఉంది. కానీ షాట్ల వాటాలో మంచి జట్ల సరసనే ఉంది. కొడుతున్నవి పడటం లేదు, అంతే. ప్లేఆఫ్‌లో పడ్డాయి. పశ్చిమ విభాగంలోని మొదటి, రెండు, మూడు స్థానాల జట్లను వరసగా ఓడించి, ప్రతి సిరీస్‌లోనూ మొదటి మూడు ఆటలు గెలిచి, కప్పు పట్టుకుపోయింది. పాయింట్ల పట్టికే లోకమనుకున్నవారికి అది అద్భుతం. షాట్లు చూసినవారికి అద్భుతం కాదు, అలాగని ముందే తెలిసిన సంగతీ కాదు.

2023 కూడా అలాంటిదే. 65 గెలుపులు, 135 పాయింట్లతో లీగ్ చరిత్రలోనే రికార్డు సృష్టించిన బోస్టన్ మొదటి రౌండులో ఫ్లోరిడా పాంథర్స్‌పై 3-1 ఆధిక్యంలో ఉండి కూడా ఓడింది. ఏడో ఆట ఆఖరి నిమిషం వరకు బోస్టనే ముందుంది. ఫ్లోరిడాకు ఆ ఏడాది వచ్చినవి 92 పాయింట్లే. అయితే అంతకుముందు ఏడాది ప్రెసిడెంట్స్ ట్రోఫీ గెలిచింది ఆ ఫ్లోరిడానే. 2024, 2025 కప్పులూ ఆ జట్టువే. ఒక్క ఏడాది పట్టిక చూసి బలహీన జట్టని రాసేసిన వాళ్లు ముందు పేజీ తిప్పలేదు.

సిరీస్ నడుస్తుండగా అంచనా మార్చుకోవడం ఇంకో విద్య. 3-0తో వెనకబడిన జట్టు తిరిగి గెలవగలదా? రెండు జట్లూ సమానమైతే వరసగా నాలుగు గెలవాలి: పదహారింట ఒకటి. చరిత్రలో రెండు వందలకు పైగా జట్లు ఆ స్థితిలో పడ్డాయి. ఆ లెక్కన పన్నెండు జట్లయినా తిరిగి లేవాలి. లేచినవి నాలుగే: 1942లో టొరంటో, 1975లో న్యూయార్క్ ఐలాండర్స్, 2010లో ఫిలడెల్ఫియా, 2014లో లాస్ ఏంజలిస్. పన్నెండు ఎక్కడ, నాలుగు ఎక్కడ? ఆ తేడాయే మనకు ఒక సంగతి చెబుతోంది. వరసగా మూడు గెలిచిన జట్టు సాధారణంగా మెరుగైనదే. నాణెంలా రెండు వైపులా సమానం కాదు. 2024 ఫైనల్లో ఎడ్మంటన్ 0-3 నుంచి 3-3 దాకా లేచి వచ్చింది. ఏడో ఆటలో ఫ్లోరిడా 2-1తో గెలిచింది. ఆ ఒక్క గోల్ అటు పడి ఉంటే నాలుగు అయిదయ్యేది.

ఫోన్లో వచ్చే జోస్యాలు

ఇందాక బాధాకరమైన కారణం అన్నాను. మా దగ్గర చదివి వెళ్లిన ఒక కుర్రవాడు ప్లస్ టూలో ఉండగా, ఫోన్లో వచ్చిన 'ఖాయం' జోస్యాన్ని నమ్మి కాలేజీ ఫీజు డబ్బు పందెంలో పెట్టి పోగొట్టాడు. వాళ్ల నాన్న నా దగ్గర కూర్చుని ఒకే మాట పదేపదే అన్నారు: "వాడు నాలుగుసార్లు సరిగ్గా చెప్పాడట సార్, అందుకే మావాడు నమ్మాడు."

ఆ నాలుగుసార్ల రహస్యం తరగతిలో పది నిమిషాల్లో విప్పవచ్చు. పదహారు మందిని నిలబెట్టండి. ఒక ఆట గురించి ఎనిమిది మందికి 'బోస్టన్ గెలుస్తుంది' అని, ఎనిమిది మందికి 'ఓడుతుంది' అని చీటీలివ్వండి. నాణెం ఎగరేయండి. తప్పు చీటీ వచ్చినవాళ్లు కూర్చోవాలి. మిగిలిన ఎనిమిది మందికి మళ్లీ నాలుగు, నాలుగు. తర్వాత రెండు, రెండు. తర్వాత ఒకటి, ఒకటి. నాలుగో నాణెం పడేసరికి ఒక్కరు నిలబడి ఉంటారు. ఆ ఒక్కరి కళ్లకు చీటీలిచ్చినవాడు త్రికాలజ్ఞాని. అయిదో చీటీతో పాటు డబ్బు అడిగేది వాళ్లనే. కూర్చున్న పదిహేను మంది ఉన్నారన్న సంగతి వాళ్లకు తెలియదు. ఫోన్లో పదహారు మంది కాదు, పదహారు వేల మందికి పంపడానికి ఖర్చేమీ ఉండదు.

కెనడాలో 2021 నుంచి ఒక్కో ఆట మీద పందెం కాయడం చట్టబద్ధమైంది. మన దేశంలో 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. చట్టం మంచిదే, కానీ పిల్లవాడి చేతిలో ఫోన్ ఉన్నంతకాలం లెక్క వాడికి తెలిసి ఉండటం ఇంకా మంచిది. అక్కడ పద్ధతిగా నడిచే పందెం దుకాణాల్లోనూ, సమానమైన రెండు జట్ల మీద వంద గెలవాలంటే సాధారణంగా నూటపది కాయాలి. నష్టపోకుండా ఉండటానికే నూటికి 52కు పైగా సరిగ్గా చెప్పాలి. మేటి జట్టే ఆటకు 58 గెలిచే చోట, ఆ సంగతి దుకాణం వాడికీ తెలిసిన చోట, మనకు మిగిలేదేమిటో పిల్లలే చెబుతారు.

మార్కులు వేసే పద్ధతి

జోస్యం చెప్పేవాడికి మార్కులు ఎలా వేయాలి? దీనికి చక్కని పద్ధతి అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన గ్లెన్ బ్రయర్ 1950లో చూపించాడు. రేపు వాన పడే అవకాశం ఇంత శాతం అని చెప్పేవారిని పరీక్షించడానికి పుట్టిన పద్ధతి అది. చెప్పిన అంకెకూ జరిగినదానికీ తేడా తీసి వర్గం చేయాలి. గెలిస్తే 1, ఓడితే 0. తేడా తక్కువైతే మంచిది, అంటే ఇక్కడ మార్కులు తక్కువ వచ్చినవాడే ఫస్టు. పిల్లలకు ఇదే పెద్ద వినోదం.

మూడు రకాల మనుషుల్ని పెట్టి చూద్దాం. మెరుగైన జట్టు నూటికి 60 సిరీస్‌లు గెలుస్తోందనుకోండి. ఏమీ తెలియదంటూ ప్రతిసారీ 0.5 అనేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. తెలిసి, నిజాయితీగా 0.6 అనేవాడికి గెలిచినప్పుడు 0.16, ఓడినప్పుడు 0.36; సగటున 0.24. ఏమీ తెలియనివాడికన్నా కాస్తే మెరుగు, కానీ మెరుగే. ఇక 'ఖాయం' అంటూ ప్రతిసారీ 1 అనేవాడికి గెలిచినప్పుడు 0, ఓడినప్పుడు 1, సగటున 0.40. అంటే నూటికి 60 సరిగ్గా చెప్పి కూడా అతను ఏమీ తెలియనివాడికన్నా వెనకబడ్డాడు! అతనికీ రెండోవాడికీ జట్ల గురించి తెలిసింది ఒకటే. తెలిసినదానికి మించి గొంతు పెంచినందుకు పడ్డ జరిమానా ఆ తేడా.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో దీన్ని చేయవచ్చు. స్టాన్లీ కప్ ప్లేఆఫ్ ఏటా ఏప్రిల్‌లో మొదలవుతుంది. మనకు పరీక్షలు, సెలవులు. కాబట్టి పాత ఏడాది సిరీస్‌లు తీసుకోండి. పదిహేను సిరీస్‌లకు జట్ల పేర్లు, లీగ్ పాయింట్లు, గోల్స్ తేడా బోర్డు మీద రాయండి, ఫలితం దాచండి. 2019 పెడితే సరదాగా ఉంటుంది. ఆ ఏడాది నాలుగు డివిజన్ల విజేతలూ మొదటి రౌండులోనే ఓడాయి. అయితే అదొక్కటే పెట్టకండి, పట్టికకు ఏ విలువా లేదని పిల్లలు అనుకుంటారు. ఒక మామూలు ఏడాదిని కూడా కలపండి. పదిహేనూ సరిగ్గా చెబుతానని పందెం కట్టే పిల్లవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. నాణెం వేస్తే 32,768లో ఒక్కసారి కుదిరే పని అది. ప్రతి సిరీస్‌లో మూడింట రెండు పాళ్ల తెలివి ఉన్నా 438లో ఒక్కసారి. ఆ లెక్క అతని చేతే చేయించండి.

అంకె చెప్పించేటప్పుడు నోటితో వద్దు. ఒక్కొక్కరూ 0 నుంచి 1 వరకు ఒక దశాంశం కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మీ బల్ల మీద పెట్టాలి. పెన్నుతోనే రాయాలి. పెన్సిలైతే ఫలితం చెప్పిన అర నిమిషంలో సగం తరగతి త్రికాలజ్ఞానులే.